విదేశాల్లో ఉద్యోగుల నిర్మాణ సేవ

నిర్వచనం, పరిధి

ఒక కంపెనీలో జీతానికి పనిచేసే ఉద్యోగులు ఆ కంపెనీ అండతో వేరే దేశానికి వెళ్లి, ఇల్లూ బడీ వంతెనా వంటి సౌకర్యాలకు నోచుకోని జనం కోసం జరిగే కట్టుబడి పనిలో కూలి పుచ్చుకోకుండా కొద్దిరోజులు పాలుపంచుకోవడాన్ని ఉద్యోగుల విదేశీ నిర్మాణ సేవ అంటారు. జట్టులో మామూలుగా పది నుంచి ఇరవై మంది ఉంటారు. గడువు వారం నుంచి రెండు వారాలు. ఇందులో మూడు పక్షాలు కాగితం మీద కనిపిస్తాయి: మనుషుల్నీ డబ్బునూ పంపే కంపెనీ, పనిని నడిపే స్వచ్ఛంద సంస్థ, కట్టడాన్ని అందుకునే ఊరు. నాలుగో పక్షం స్థానిక మేస్త్రీ. ఒప్పందాల్లో అతని పేరు అరుదుగా కనిపిస్తుంది గాని పని నడిచేది అతని చేతిమీదే.

దీనికి దగ్గరగా ఉండి దీనితో కలిసిపోయే పదాలు కొన్ని ఉన్నాయి. సొంత ఊరి పనికి ఊరివాళ్లే ఉచితంగా చెయ్యివేయడం శ్రమదానం (చూ. శ్రమదానం). విహారయాత్రలో ఒక భాగంగా కొంత సేవ చేసిరావడం సేవా పర్యాటకం. ఉద్యోగి తన వృత్తి నైపుణ్యాన్ని, అంటే లెక్కలు, సాఫ్ట్‌వేర్, వైద్యం వంటివాటిని, వారాలో నెలలో విదేశీ సంస్థకు అందించడం నైపుణ్య సేవ. ఐబీఎం 2008లో మొదలుపెట్టిన కార్పొరేట్ సర్వీస్ కోర్ ఈ కోవలోది. దానిలో ఇటుక మోసే పని ఉండదు. కాబట్టి అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

పూర్వరంగం: శ్రమ శిబిరాలు

పరాయి దేశపు పల్లెలో పార పట్టుకుని నిలబడే అలవాటు కంపెనీలది కాదు, యుద్ధాన్ని వ్యతిరేకించినవారిది. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఫ్రాన్సులోని వెర్దూన్ ప్రాంతంలో, ఎస్న్ అనే పల్లెను మళ్లీ లేపడానికి స్విట్జర్లాండ్‌కు చెందిన పియర్ సెరెసోల్ 1920లో ఒక చిన్న జట్టును తీసుకెళ్లాడు. అందులో జర్మన్లూ ఉన్నారు. నిన్నటిదాకా శత్రువులుగా ఉన్నవాళ్లు కట్టిపెట్టే ఇళ్లు మాకొద్దని స్థానికంగా అభ్యంతరం రావడంతో కొన్ని నెలలకే పని ఆగిపోయింది. సహాయం ఎవరు చేస్తున్నారన్నదీ తీసుకునేవాళ్లకు ముఖ్యమే అనే పాఠం ఈ రంగానికి మొదటి శిబిరంలోనే ఎదురైంది. ఆ ప్రయత్నం నుంచి పుట్టిందే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్.

1934 జనవరి 15న బీహారును కుదిపేసిన భూకంపం తరవాత సెరెసోల్ భారతదేశానికి వచ్చాడు. బాబూ రాజేంద్ర ప్రసాద్ నడిపిస్తున్న సహాయ కార్యక్రమంతో చేతులు కలిపి, ముజఫర్‌పూర్ ప్రాంతంలో పల్లెల పునర్నిర్మాణానికి 1937 దాకా కొద్దిమంది ఐరోపా సేవకులతో పనిచేశాడు. భారతదేశంలో విదేశీయులు జట్టుగా వచ్చి ఇళ్లు కట్టిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

రెండో ప్రపంచ యుద్ధానంతరం ఈ తరహా శిబిరాలు పెరిగాయి. నిర్వాసితులకు ఇళ్లు కట్టడానికి 1953లో వెరెన్‌ఫ్రీడ్ ఫాన్ స్ట్రాటెన్ అనే మతగురువు ఐరోపాలో నిర్మాణ సేవకుల సంఘాన్ని ప్రారంభించాడు. 1958లో బ్రిటన్‌లో వీఎస్‌ఓ, 1961లో అమెరికాలో పీస్ కోర్, 1965లో జపాన్‌లో విదేశీ సహకార సేవకుల దళం వచ్చాయి. ఇవేవీ కంపెనీలకు చెందినవి కావు. వాటిలో వెళ్లినవాళ్లు విద్యార్థులు, పట్టభద్రులు, చర్చి సభ్యులు. శ్రీలంకలో ఎ.టి. అరియరత్నె 1958లో మొదలుపెట్టిన సర్వోదయ శ్రమదాన ఉద్యమం ఇదే కాలానికి చెందినా దాని దారి వేరు. అక్కడ బయటివాళ్లు వచ్చినా ఊరివాళ్ల పక్కన నిలబడి పనిచేయడానికే వచ్చారు.

అమెరికస్ నుంచి ఖమ్మం దాకా

ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద సంస్థ హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ. దాని మూలాలు అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ పట్టణం దగ్గర, క్లారెన్స్ జోర్డన్ 1942లో నెలకొల్పిన కొయినోనియా అనే సమష్టి వ్యవసాయ క్షేత్రంలో ఉన్నాయి. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఆ క్షేత్రంలోలా కలిసి బతకడాన్ని ఆ ప్రాంతంలో నేరంగా చూసిన రోజులవి. వ్యాపారంలో బాగా గడించి, అదంతా వదిలేసి అక్కడికి చేరిన మిలర్డ్ ఫుల్లర్, ఆయన భార్య లిండా కలిసి లాభం, వడ్డీ లేకుండా పేదలకు ఇళ్లు కట్టే పద్ధతిని అక్కడే రూపొందించుకున్నారు. 1973లో దాన్ని ఆనాటి జైరే దేశంలోని ఎంబండకాకు తీసుకెళ్లారు. 1976లో తిరిగొచ్చి సంస్థను స్థాపించారు.

ఈ పద్ధతికి మూడు కాళ్లు. ఇల్లు దానం కాదు, లబ్ధిదారు కుటుంబం వాయిదాల్లో డబ్బు కట్టాలి. ఆ వాయిదాలు మరో ఇంటికి పెట్టుబడి అవుతాయి. ఆ కుటుంబం తన ఇంటికీ పక్కింటికీ నిర్ణీత గంటల పాటు పనిచేయాలి. దీన్ని శ్రమ వాటా అనవచ్చు. మూడోది, బయటి సేవకుల చేతిసాయం. కంపెనీ ఉద్యోగులు తరవాతి కాలంలో ప్రవేశించింది ఈ మూడో కాలి దగ్గరే.

భారతదేశంలో హ్యాబిటాట్ పని 1983లో మొదలైంది. మొదలైన చోటు ఖమ్మం. తెలుగునేలకు ఈ చరిత్రలో ఉన్న నేరు సంబంధం ఇదే.

సంస్థకు లోకప్రసిద్ధి తెచ్చింది అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్. 1984లో న్యూయార్కులోని ఒక పాడుబడ్డ భవనాన్ని బాగుచేయడానికి ఆయనా, భార్య రోజలిన్ సుత్తి పట్టుకున్నారు. అప్పటి నుంచి ఏటా ఒక వారం ఏదో ఒకచోట ఇళ్లు కట్టడం ఆనవాయితీ అయింది. 1996లో హంగరీ, 1999లో ఫిలిప్పీన్స్, 2001లో దక్షిణ కొరియా, 2002లో దక్షిణాఫ్రికా, 2004లో మెక్సికో, 2009లో థాయ్‌లాండ్ కేంద్రంగా మెకాంగ్ దేశాలు, 2011, 2012 సంవత్సరాల్లో భూకంపానికి నలిగిన హైతీ ఈ వరసలో ఉన్నాయి.

2006 అక్టోబరు చివరి నుంచి నవంబరు మొదటి వారం దాకా ఆ పని మహారాష్ట్రలో లోనావాలా దగ్గర జరిగింది. సుమారు రెండు వేల మంది సేవకులు నూరు ఇళ్ల పనిలో పాల్గొన్నారు. హాలీవుడ్ నటుడు బ్రాడ్ పిట్ వచ్చి ఇటుకలు మోశాడు. పత్రికలు రాసింది ఎక్కువగా అదే. కార్టర్‌కు ఆ ప్రాంతంతో ఉన్న పాత బంధం మీద అంత దృష్టి పడలేదు. ఆయన తల్లి లిలియన్ అరవై ఎనిమిదేళ్ల వయసులో పీస్ కోర్‌లో చేరి, బొంబాయి శివారు విక్రోలిలోని గోద్రెజ్ కార్మికవాడలో ఆరోగ్య సేవలో పనిచేసింది.

కంపెనీల ప్రవేశం

1980ల దాకా కంపెనీల దాతృత్వమంటే చాలావరకు చెక్కు రాసివ్వడమే. ఉద్యోగులను పంపడం 1990ల తరవాత బలపడిన ధోరణి. దీనికి కారణాలు కలగాపులగంగా ఉన్నాయి. కంపెనీలు అనేక దేశాలకు విస్తరించడంతో ఆయా దేశాల్లో మంచిపేరు అవసరమైంది. ఒకే సంస్థలో పదిహేను దేశాల మనుషులు పనిచేస్తున్నప్పుడు వాళ్లను కలపడానికి సమావేశపు గదికంటే పనిచోటు మేలని సిబ్బంది విభాగాలు గుర్తించాయి. జీతంతో కూడిన సేవా సెలవు చాలా సంస్థల్లో నియమావళికెక్కింది. ఐక్యరాజ్యసమితి 2001ను అంతర్జాతీయ సేవకుల సంవత్సరంగా ప్రకటించడం, 2010లో వెలువడిన ఐఎస్ఓ 26000 మార్గదర్శకం సమాజంతో సంస్థల సంబంధాన్ని ఒక ప్రధానాంశంగా చేర్చడం దీనికి ఊతమిచ్చాయి.

1995 నుంచి హ్యాబిటాట్‌తో కలిసి నడుస్తున్న డెల్టా ఎయిర్‌లైన్స్ వంటి సంస్థలకు ఈ పని వాటి వ్యాపారంతో సహజంగా కుదిరింది. విమానంలో ఖాళీ సీటు వాటి చేతిలో ఉన్నదే. నిర్మాణ కంపెనీల సంగతి ఇంకాస్త వేరు. జర్మనీకి చెందిన హోఖ్‌టీఫ్ 2010 నుంచి బ్రిడ్జెస్ టు ప్రాస్పరిటీ అనే సంస్థ ద్వారా తన ఇంజినీర్లను పల్లెల్లో కాలినడక వంతెనలు కట్టడానికి పంపింది. అక్కడికి వెళ్లేవాళ్లు తాము రోజూ చేసే పనినే కొత్తచోట చేస్తారు. బ్యాంకు గుమాస్తా ఇటుక పేర్చడానికీ, వంతెనల ఇంజినీరు తీగ బిగించడానికీ ఉన్న తేడా ఈ రంగంలో చాలా సంగతులను తేల్చేస్తుంది.

రకాలు

కట్టేదాన్ని బట్టి చూస్తే ఇళ్లు, బడులు, వంతెనలు, నీటి పథకాలు ప్రధానమైనవి. పద్ధతి మాత్రం సంస్థను బట్టి మారుతుంది.

ఇళ్లలో రెండు దారులు. హ్యాబిటాట్‌ది శాశ్వత గృహం. 1997లో చిలీలో యువకులు మొదలుపెట్టి లాటిన్ అమెరికా అంతటా పాకిన టెచో సంస్థది అత్యవసర గృహం. ముందే తయారుచేసిన చెక్క పలకలతో పద్దెనిమిది చదరపు మీటర్ల గదిని రెండు రోజుల్లో నిలబెడతారు. కంపెనీ జట్లకు ఇది బాగా నప్పింది. శనివారం పొద్దున వెళ్తే ఆదివారం సాయంత్రానికి తాళంచెవి ఇచ్చి రావచ్చు. కాని చెక్కకు చెదలుంటాయి, వానకు నానుతుంది. అది పక్కా ఇంటికి ముందు మెట్టే తప్ప ఇల్లు కాదని సంస్థ కూడా చెబుతుంది. ఫిలిప్పీన్స్‌లో ఆంటోనియో మెలోటో నాయకత్వంలో ఎదిగిన గవాద్ కలింగ మూడో దారి పట్టింది. ఒక్కో ఇల్లు గాక మొత్తం వాడనే కట్టి, దాన్ని పోషించిన కంపెనీ పేరును ఆ వాడకు పెట్టే అలవాటు అక్కడ వచ్చింది.

బడుల విషయంలో చెప్పుకోదగ్గది బిల్డాన్ సంస్థ పద్ధతి. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం వదిలిన జిమ్ జియోల్కోవ్‌స్కీ దీని స్థాపకుల్లో ఒకడు. తొలి బడి మలావీలో కట్టారు. పునాది తీయకముందే ఊరివాళ్లతో ఒడంబడిక రాసుకుంటారు. స్థలం, ఇసుక, రాయి, కూలి పని ఊరిది. ఇనుము, సిమెంటు, ఇంజినీరు సంస్థవి. ఆడపిల్లలను మగపిల్లలతో సమానంగా బడికి పంపాలన్నది షరతు. చదువురానివాళ్లు ఒడంబడిక మీద వేలిముద్ర వేస్తారు.

నీటి పథకాల్లో ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ ముఖ్యమైనది. కొలరాడో విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెర్నార్డ్ అమడై బెలీజ్‌లోని శాన్ పాబ్లో అనే పల్లెలో నీళ్లు మోసే పిల్లలను చూసి వచ్చి, 2002లో అమెరికాలో దీన్ని నిలబెట్టాడు. ఒక ఊరితో కనీసం ఐదేళ్లు కలిసి పనిచేయాలన్నది దాని నియమం. ఒక్కసారి వెళ్లొచ్చే జట్లకు ఇది పెద్ద అడ్డంకి. ఉద్దేశం కూడా అదే.

పని జరిగే తీరు

జట్టు విమానం ఎక్కడానికి ఏడాది ముందే పని మొదలవుతుంది. స్థలం పట్టా ఎవరి పేరున ఉంది, వరద మట్టం ఎంత, ఇసుక ఎక్కడ దొరుకుతుంది, ఊళ్లో ఎవరెవరికి ఇళ్లు ఇవ్వాలి అన్నవి స్థానిక సంస్థ తేల్చాలి. చాలా దేశాల్లో జాప్యానికి అసలు కారణం స్థలం కాగితాలే.

కంపెనీ వైపు దరఖాస్తులు పిలిచి, ఎంపిక చేసి, ఒక నాయకుణ్ణి నియమిస్తారు. కొన్ని కంపెనీలు మొత్తం ఖర్చు భరిస్తాయి. కొన్ని సగం భరించి మిగతాది ఉద్యోగి పోగుచేసుకోవాలంటాయి. ప్రతి ఒక్కరి తరఫున నిర్మాణానికి ఇంత అని విరాళం ఉంటుంది. నిజానికి కట్టడం ఈ విరాళంతోనే లేస్తుంది. టీకాలు, వైద్య బీమా, అవసరమైతే విమానంలో తరలించే ఏర్పాటు, ప్రమాదానికి తానే బాధ్యుణ్ణని రాసిచ్చే పత్రం తప్పనిసరి. ఎత్తుమీద పనినీ విద్యుత్ యంత్రాలనూ శిక్షణ లేనివారికి అప్పగించరు.

పనిచోట ఒక రోజు

ఇటుక ఇంటి పనిచోటు ఏ దేశంలోనైనా ఒకేలా తెల్లవారుతుంది. మేస్త్రీ అందరికంటే ముందొచ్చి ముందురోజు కట్టిన గోడకు నీళ్లు పట్టి ఉంటాడు. జట్టు రాగానే ఇద్దరు ముగ్గురిని ఇటుకలు తడపడానికి పంపుతాడు. ఎండు ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తుంది, అప్పుడు సిమెంటు పట్టదు. ఇది కొత్తవాళ్లకు చెప్పాల్సిన మొదటి సంగతి. ఇంకొందరు వరసగా నిలబడి ఇటుకలను చేతులు మార్చుకుంటూ అందిస్తారు. పనిచోట అందరికీ చేతనయ్యేదీ, ఫొటోల్లో బాగా పడేదీ ఈ వరసే.

గోడ దగ్గర కథ వేరు. మేస్త్రీ రెండు మూలలూ తానే కట్టి, మధ్యలో దారం లాగుతాడు. ఆ దారానికి తగలకుండా, దూరం కాకుండా ఇటుక పెట్టమని సైగ చేస్తాడు. సేవకుడు తాపీతో మాలు ఎక్కువ పెడతాడు. ఇటుక పైకి లేస్తుంది. దాన్ని తట్టి కిందికి దించబోతే పక్కది కదులుతుంది. మేస్త్రీ నవ్వి, ఆ ఇటుక తీసి, మాలు గీకి మళ్లీ పెడతాడు. సీసపు గుండు కట్టిన తాడు వదిలి నిలువు చూస్తాడు. మధ్యాహ్నానికి సేవకుడి చేతికి పని కొంత అలవాటవుతుంది. అప్పటికి అతని వంతు రెండు వరసలు దాటదు. జట్టు హోటలుకు వెళ్లాక మేస్త్రీ ఆ గోడను మరోసారి చూసుకుంటాడు.

కాంక్రీటు పని జట్ల గడువుకు లొంగదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింది ఊతకర్రలు కనీసం ఏడు రోజులు, అంతకు మించిన వాటికి పద్నాలుగు రోజులు ఉంచాలి. కనీసం వారంపాటు నీళ్లు పట్టాలి. పది రోజులకు వచ్చిన జట్టు పునాది నుంచి స్లాబు దాకా ఇల్లు చూడటం అందువల్ల కుదరదు. పునాది తవ్వకం, గోడలు, రంగులు, మట్టి నింపడం వంటివి జట్లకు మిగిల్చి, సెంట్రింగ్, కడ్డీ కట్టడం, స్లాబు పోయడం స్థానిక పనివాళ్లతో చేయిస్తారు. భూకంప ప్రాంతాల్లో ఇది ఇంకా కచ్చితం. 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపం తరవాత నేపాల్‌లో గోడల చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీలను సరిగా వేయడం ప్రాణం మీది వ్యవహారమైంది. ఆ ఏడాది చివర నేపాల్‌లో జరగాల్సిన కార్టర్ నిర్మాణ వారం దేశంలోని అశాంతి వల్ల రద్దయింది.

కాలినడక వంతెన

ఉద్యోగుల నైపుణ్యానికీ చేసే పనికీ పొత్తు కుదిరిన రకంగా కాలినడక వంతెనను విడిగా చూడాలి. ఇథియోపియాలో నీలి నైలు మీద సెబరా దిల్దీ అనే పాత రాతి వంతెన ఉంది. అమ్హారిక్ భాషలో ఆ పేరుకు విరిగిన వంతెన అని అర్థం. విరిగిన మధ్యభాగం మీదుగా మనుషులను తాళ్లతో లాగుతున్న ఫొటోను అమెరికాలో నిర్మాణ వ్యాపారి అయిన కెన్ ఫ్రాంజ్ నేషనల్ జియోగ్రాఫిక్‌లో చూశాడు. 2001లో బ్రిడ్జెస్ టు ప్రాస్పరిటీ స్థాపించాడు. మరుసటి ఏడు ఆ వంతెనను బాగుచేయించాడు. ఇలాంటి వంతెనల నమూనాలకు నేపాల్‌లో స్విస్ సహాయంతో దశాబ్దాలుగా సాగిన కొండదారి వంతెనల అనుభవం ఎంతో ఉపయోగపడింది.

రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. ఒకదానిలో స్తంభాల మీదుగా తీగలు పోతాయి, నడకదారి వాటికి కిందుగా వేలాడుతుంది. రెండోదానిలో నడకదారి తీగల మీదే పరుచుకుంటుంది, నడుమ కిందికి వంగి ఉంటుంది. ఎత్తైన ఒడ్లున్న చోట రెండోది చవక. ఒడ్డున రాతి దిమ్మెలు, నేలలో తీగను పట్టి ఉంచే లంగరు గుంటలు ఊరివాళ్లు నెలల ముందే పూర్తిచేస్తారు. రాళ్లూ ఇసుకా వాళ్లే మోసుకొస్తారు. కంపెనీ జట్టు చివరి రెండు వారాలకు దిగుతుంది.

మొదటి పెద్ద పని తీగలను ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు లాగి వంపు కుదర్చడం. తీగ ఖాళీగా ఉన్నప్పుడు ఒక వంపు, పలకలూ మనుషులూ ఎక్కాక మరో వంపు. కాబట్టి కోరిన వంపుకంటే తక్కువగా, లెక్కగట్టినంత బిగువుగా దాన్ని నిలపాలి. ఒక ఒడ్డున ఒకరు కొలపరికరంలో చూస్తూ చెయ్యి ఎత్తుతారు, రెండో ఒడ్డున చేతి యంత్రం తిప్పేవాళ్లు ఆపుతారు. తీగలన్నీ ఒకే వంపులో ఉండాలి. లేకపోతే నడకదారి పక్కకు ఒరుగుతుంది.

ఆ తరవాత క్లిప్పులు. తీగ కొసను వెనక్కి మడిచి యు ఆకారపు బోల్టుతో బిగిస్తారు. బోల్టు వంపు మడిచిన కొస వైపు, జీను లాంటి దిమ్మె బరువు మోసే తీగ వైపు రావాలి. తిరగేస్తే బోల్టు బరువు మోసే పోగులను నలిపేస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. తప్పు తెలిసేది ఏళ్ల తరవాతే. వంతెనల ఇంజినీరు దీన్ని చూడగానే పట్టేస్తాడు. ఇటుకలు అందించే వరసలో ఇలాంటి అవసరం రాదు.

ఈ రకానికి కొలిచిన ఫలితం కూడా ఉంది. నికరాగ్వాలో ఈ వంతెనలు వచ్చిన ఊళ్లనూ, అంతే అవసరమున్నా ఒడ్డు స్వభావం వల్ల వంతెన కుదరని ఊళ్లనూ వయాట్ బ్రూక్స్, కెవిన్ డోనవన్ అనే ఆర్థికవేత్తలు పోల్చారు. వాళ్ల పరిశోధన 2020లో ఎకనమెట్రికాలో అచ్చయింది. వంతెన లేని ఊళ్లలో వరద వచ్చినప్పుడు కూలి, ఉద్యోగాల ఆదాయం 18 శాతం తగ్గిపోయింది. వంతెన ఉన్నచోట ఆ నష్టం లేకుండా పోయింది. వ్యవసాయంలో పెట్టుబడి కూడా పెరిగింది. వంతెన మేలు చేస్తుందని ఇది నిరూపిస్తుంది గాని దాన్ని విదేశీ ఉద్యోగులే కట్టాలని కాదు.

చట్టం, పన్నులు

భారతదేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను, 500 కోట్ల నికర విలువ, 1000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలంటుంది. దేశం బయట చేసిన పని ఈ లెక్కలోకి రాదని 2021లో సవరించిన నిబంధనలు తేల్చాయి. క్రీడాకారుల శిక్షణకు మాత్రం మినహాయింపు ఉంది. భారతీయ కంపెనీల ఉద్యోగుల సేవ దాదాపుగా దేశంలోనే జరగడానికి ఇదొక కారణం. హైదరాబాద్‌లోని బహుళజాతి కంపెనీల కార్యాలయాల్లో పనిచేసేవాళ్లకూ వారాంతపు సేవ అంటే చుట్టుపక్కల బడికి రంగులు వేయడమో మొక్కలు నాటడమో అవుతుంది.

ఎదురుదారిలో, విదేశీ జట్లు భారత్‌కు రావడానికి రెండు చట్టాలు అడ్డు వస్తాయి. ఒకటి వీసా. జీతభత్యాలు లేని స్వల్పకాల సేవకు వెసులుబాటు ఉన్నా అది నెలకు మించదు. రెండోది 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. 2020 సవరణతో విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. జట్టు తెచ్చే విరాళంతో ఏదో చిన్న పల్లె సంస్థ ద్వారా ఇళ్లు కట్టించే పాత ఏర్పాటు దీంతో కష్టమైంది.

విమర్శలు

అన్నిటికంటే పదునైన విమర్శ ఖర్చుది. 1998లో మిచ్ తుఫాను తరవాత హోండురాస్‌లో ఉత్తర అమెరికా చర్చి జట్లు కట్టిన ఇళ్లను, స్థానికులు కట్టినవాటితో కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు పోల్చి 2006లో ప్రచురించాడు. ప్రయాణాలు కలుపుకుంటే జట్టు కట్టిన ఇంటికి సుమారు 30 వేల డాలర్లయితే, స్థానికంగా అదే ఇల్లు 2 వేల డాలర్లకు పూర్తయింది. అందుకున్న కుటుంబాల జీవితంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అవి కంపెనీ జట్లు కావు. కాని విమానం టికెట్టు ధర ఎవరికైనా ఒకటే. ఈ లెక్క చెప్పేవాళ్లు తరచు ఒకటి వదిలేస్తారు: ఆ ప్రయాణం లేకపోతే మిగిలే డబ్బు ఇంటికి వెళ్తుందన్న హామీ ఏమీ లేదు. కంపెనీ దాన్ని సిబ్బంది శిక్షణ పద్దులో రాసుకుని ఉంటే అది మరో విడిది శిబిరానికి పోయేది.

రెండోది ఉపాధి. పని లేక ఊళ్లో కూర్చున్న కూలీ ముందు ఉచితంగా ఇసుక మోసేవాడు నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. కొన్ని సంస్థలు ప్రతి జట్టుకు తోడు స్థానిక మేస్త్రీలనూ కూలీలనూ జీతం మీద పెట్టడం దీనికి జవాబు. మూడోది నాణ్యత. పగలు విద్యార్థులు కట్టిన గోడను రాత్రి స్థానికులు విప్పి సరిగా కట్టేవారని టాంజానియా అనుభవం గురించి 2014లో వచ్చిన ఒక వ్యాసం ప్రపంచమంతా చదివారు. నాలుగోది గౌరవం. సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ 1968లో మెక్సికోలోని కుయెర్నవాకాలో అమెరికా విద్యార్థి సేవకుల ముందే, వాళ్లు రావడమే హాని అని ప్రసంగించాడు. ఈ రంగానికి చెందిన ప్రతి చర్చా నేటికీ ఆ ప్రసంగం దగ్గర ఒక్కసారి ఆగుతుంది.

సమర్థించేవాళ్లు చెప్పేదాన్ని కూడా తోసిపుచ్చలేం. వెళ్లొచ్చిన ఉద్యోగి ఆ దేశం గురించి, ఆ సంస్థ గురించి తరవాత కూడా మాట్లాడతాడు. కంపెనీ విరాళం ఏటా కొనసాగడానికి అలా వెళ్లొచ్చినవాళ్ల ఒత్తిడే కారణమైన సందర్భాలు ఉన్నాయి. ఊరివైపు నుంచి, లెక్కలకు అందనిది మరొకటి ఉంది. తమ కోసం ఇంత దూరం వచ్చారన్నది కొన్నిచోట్ల స్థానిక అధికారుల్ని కదిలించింది, రోడ్డో కరెంటో వచ్చింది.

2020 తరవాత

2020 మార్చిలో కోవిడ్ వల్ల హ్యాబిటాట్ తన విదేశీ జట్ల ప్రయాణాలను ఆపేసింది. మిగతా సంస్థలూ అదే చేశాయి. ఆ విరామంలో స్థానిక మేస్త్రీలతోనే పనులు సాగాయి. కంపెనీల ఇంజినీర్లు తమ దేశంలోనే కూర్చుని నమూనాలు సరిచూశారు, వీడియోలో తనిఖీలు చేశారు. ప్రయాణాలు తిరిగి మొదలైనా జట్లు చిన్నవయ్యాయి. రువాండాలో బ్రిడ్జెస్ టు ప్రాస్పరిటీ ప్రభుత్వంతో కలిసి వందల వంతెనల ప్రణాళికకు మారింది. అక్కడ పనిలో ఎక్కువ భాగం చేసేది రువాండా ఇంజినీర్లూ తాపీ పనివాళ్లే.

కట్టడం అప్పగించాక దాని నిర్వహణ స్థానిక సంఘం పని (చూ. సామూహిక ఆస్తుల నిర్వహణ). వంతెన పలకలు ఎండకు చీలతాయి, వానకు మెత్తబడతాయి. నాలుగైదేళ్లకోసారి కొన్ని మార్చాలి, క్లిప్పులు బిగించాలి, లంగరు గుంటల దగ్గర మట్టి కొట్టుకుపోకుండా చూడాలి. అందుకోసం చాలాచోట్ల ఊరి సంఘాలు బోల్టు బిగించే రెంచీ ఒకటీ, మిగిలిన పలకలూ బడి గదిలో దాచిపెడతాయి.